ఇల్లు కడుతున్నారా? గోడలకు ప్లాస్టరింగ్ కాకముందే ఈ వైర్లు వేయించండి.. లేదంటే నెట్ కష్టాలు తప్పవు!

లక్షలు పోసి ఇల్లు కట్టారు. గృహప్రవేశం కూడా అయిపోయింది. నెట్ కనెక్షన్ కోసం ఫోన్ చేస్తే మర్నాడే మనిషి వచ్చాడు. స్తంభం మీద నుంచి ఫైబర్ వైరు లాగాడు. కిటికీ పక్కన గోడకు చిల్లు పెట్టి లోపలికి తెచ్చాడు. హాల్లో టీవీ పక్కన రూటర్ పెట్టి వెళ్లిపోయాడు. కింద హాల్లో స్పీడ్ చూస్తే బ్రహ్మాండం. మెట్లెక్కి పై బెడ్‌రూమ్‌లోకి వెళ్తే మాత్రం ఒకటే గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఆఫీసు మీటింగ్‌లో మాట మధ్యలో తెగిపోతుంది. పిల్లల ఆన్‌లైన్ క్లాసు ఆగిపోతుంది. గేటు దగ్గర కెమెరా ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది.

ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని ప్లాన్ పెంచుకోవడం. 100 ఎంబీపీఎస్ నుంచి 300కు మారతారు. బిల్లు పెరుగుతుంది, పై గదిలో పరిస్థితి మాత్రం మారదు. ఎందుకంటే సమస్య ఇంటి బయట నుంచి వచ్చే నెట్‌లో లేదు. ఇంటి లోపల ఆ నెట్ గదిగదికీ వెళ్లే దారి లేకపోవడంలో ఉంది. నీళ్ల పైపు ఎక్కడికి వెళ్లాలి, ఏసీ పాయింట్ ఎక్కడ రావాలి అని నెలల తరబడి ఆలోచించే వాళ్లు నెట్ వైరు గురించి గోడలకు రంగులు వేశాకే ఆలోచిస్తున్నారు. అప్పటికి ఆలస్యమైపోతుంది.

మరి కొత్త ఇంట్లో నెట్ వైరింగ్ ఎలా ప్లాన్ చేసుకోవాలి? ఎన్ని పాయింట్లు పెట్టించాలి? ఏ వైరు కొనాలి? ఎక్కడ మోసపోయే ప్రమాదం ఉంది? వివరంగా చూద్దాం.

వైఫై ఉండగా వైర్లు ఎందుకు?

వైఫై అంటే రేడియో తరంగాలు. అవి గోడలు దాటేకొద్దీ బలహీనపడతాయి. మన దగ్గర బయట గోడ తొమ్మిది అంగుళాలు, లోపలి గోడ నాలుగున్నర అంగుళాల ఇటుక. పైన ఇనుప కడ్డీలతో పోసిన కాంక్రీట్ స్లాబ్. ఎక్కువ స్పీడ్ ఇచ్చే 5 గిగాహెర్ట్జ్ వైఫై ఒకటి రెండు గోడలు దాటేసరికే నీరసించిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ కాస్త దూరం వెళ్తుంది. కానీ స్పీడ్ తక్కువ, పైగా చుట్టుపక్కల ఇళ్ల రూటర్లన్నీ అదే బ్యాండ్‌లో గోల చేస్తుంటాయి. మధ్యలో ఇనుప బీరువా, నిలువెత్తు అద్దం, వాటర్ ట్యాంక్ లాంటివి ఉంటే చెప్పక్కర్లేదు.

మెష్ రూటర్లు కొంటే సరిపోతుంది కదా అనుకోవచ్చు. అవి పనికొస్తాయి. కానీ రెండో బాక్సు మొదటి బాక్సు నుంచి గాల్లోనే నెట్ తీసుకుని, మళ్లీ గాల్లోనే మీ ఫోన్‌కు ఇస్తుంది. ఒకే రేడియో ఈ రెండు పనులూ చేస్తే స్పీడ్ దాదాపు సగానికి పడిపోతుంది. అదే రెండో బాక్సుకు వైరు ఇస్తే ఈ నష్టం ఉండదు. అంటే వైఫై బాగా రావాలన్నా కూడా గోడలో వైరు ఉండాల్సిందే.

ఇంకో లాభం కూడా ఉంది. టీవీ, డెస్క్‌టాప్, కెమెరాల్లాంటి కదలని వస్తువులన్నీ వైరు మీదకు వెళ్లిపోతే వైఫై మీద భారం తగ్గుతుంది. ఫోన్లకు, ట్యాబ్‌లకు దారి ఖాళీ అవుతుంది.

ముందు తేల్చాల్సింది.. బాక్సు ఎక్కడ?

కరెంటుకు డీబీ బాక్సు ఉన్నట్టే నెట్‌కూ ఇంట్లో ఒక కేంద్రం ఉండాలి. బయటి నుంచి వచ్చే ఫైబర్ అక్కడే దిగాలి. ఇంట్లోని అన్ని గదుల వైర్లూ అక్కడికే చేరాలి. మెట్ల కింద ఖాళీ, స్టోర్ రూమ్, హాల్లో అల్మారా పై అర లాంటి చోట్లు దీనికి బాగుంటాయి. ఇల్లు మధ్యలో ఉంటే వైరు పొడవు తగ్గుతుంది.

ఈ చోటు ఎంచుకునేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. బాత్‌రూమ్ గోడకు ఆనుకుని వద్దు, చెమ్మ పడుతుంది. కరెంటు డీబీ బాక్సులోనే ఇరికించొద్దు. గాలి ఆడని మూసేసిన చెక్క అరలో పెడితే వేసవిలో పరికరాలు వేడెక్కి ఆగిపోతాయి. అక్కడే రెండు మూడు ప్లగ్ పాయింట్లు ఉండేలా చూసుకోవాలి. ఆ ప్లగ్‌లకు ఇన్వర్టర్ లైన్ ఇప్పించుకోవడం మరీ ముఖ్యం. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ లైన్ ఫ్యాన్లకు, లైట్లకే ఇస్తారు. కరెంటు పోగానే ఫ్యాన్ తిరుగుతుంది, నెట్ మాత్రం పోతుంది. ఇల్లు కట్టేటప్పుడు ఎలక్ట్రీషియన్‌కు ఒక్క మాట చెబితే ఆ ఇబ్బంది ఉండదు.

బయటి గోడ నుంచి ఈ బాక్సు దాకా 25 ఎంఎం ఖాళీ పైపు ఒకటి వేయించి, లోపల నైలాన్ తాడు వదిలేయాలి. ఇవాళ ఒక కంపెనీ ఫైబర్ తీసుకుంటారు, రేపు ఇంకో కంపెనీకి మారతారు. పైపు ఉంటే కొత్త వైరు అందులోంచే వస్తుంది. లేకపోతే కంపెనీ మారినప్పుడల్లా గోడకు కొత్త చిల్లే. ఫైబర్‌లో ఉండేది సన్నని గాజు పోగు కాబట్టి ఈ పైపుకు పదునైన మలుపులు ఉండకూడదు. ఎల్బోల బదులు వంపు తిరిగిన బెండ్‌లు వేయమని చెప్పాలి.

గదికి గది కలపొద్దు.. దేనికది విడిగా!

కరెంటు పనికి అలవాటుపడిన వాళ్లు కొందరు ఒక గది నుంచి పక్క గదికి, అక్కడి నుంచి ఇంకో గదికి ఒకే వైరును కలుపుకుంటూ పోతారు. పాత ల్యాండ్‌లైన్ ఫోన్లకు అలా చేసినా నడిచేది. నెట్ వైరుకు అది కుదరదు. ప్రతి పాయింట్ నుంచి సెంటర్ బాక్సు దాకా ఒక విడి వైరు, మధ్యలో జాయింట్ లేకుండా రావాలి. టేప్ చుట్టి జాయింట్ చేసిన చోటే తర్వాత తలనొప్పి మొదలవుతుంది. అది గోడ లోపల ఉంటే వెతికి పట్టుకోవడం కూడా కష్టం.

200 గజాల ఇంటి లెక్క ఇదీ..

30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న 200 గజాల స్థలంలో జీ ప్లస్ వన్ ఇల్లు అనుకుందాం. మెట్ల కింద బాక్సు. పాయింట్లు ఇలా వేసుకోవచ్చు.

- గ్రౌండ్ ఫ్లోర్: టీవీ వెనక 2, బెడ్‌రూమ్ టేబుల్ దగ్గర 2, హాలు సీలింగ్‌లో వైఫై యాక్సెస్ పాయింట్ కోసం 1. మొత్తం 5.
- ఫస్ట్ ఫ్లోర్: ఆఫీసు పని లేదా చదువు టేబుల్ దగ్గర 2, టీవీ వెనక 1, మాస్టర్ బెడ్‌రూమ్‌లో 1, సీలింగ్‌లో యాక్సెస్ పాయింట్‌కు 1. మొత్తం 5.
- బయట: నాలుగు మూలలా కెమెరాలకు 4, గేటు దగ్గర వీడియో బెల్‌కు 1, టెర్రస్ మీద 1. మొత్తం 6.

అన్నీ కలిపితే 16 వైర్లు. ఒక్కో వైరు సగటున 15 మీటర్లు అనుకుంటే 240 మీటర్లు. బాక్సు దగ్గర ఒక్కో వైరుకు 2 మీటర్లు, గది చివర అడుగు చొప్పున అదనంగా వదలాలి. దానికి ఇంకో 37 మీటర్ల దాకా పడుతుంది. మొత్తం 277 మీటర్లు. మార్కెట్‌లో నెట్ వైరు ఫుల్ బాక్సు 305 మీటర్లు ఉంటుంది. అంటే ఇంత ఇంటికి ఒక్క బాక్సు సరిపోతుంది. మీ ఇంటికి లెక్క వేసుకునేటప్పుడు నేల మీద దూరం ఒక్కటే చూడొద్దు. వైరు గోడలో పైకి ఎక్కి, స్లాబ్ వెంట వెళ్లి, మళ్లీ కిందికి దిగుతుంది. ఆ ఎక్కుదిగుళ్లు కూడా కలపాలి.

టేబుల్ దగ్గర, టీవీ వెనక రెండేసి ఎందుకంటే, గోడలో ఒక వైరు దెబ్బతింటే రెండోది ఆదుకుంటుంది. పైపు ఎలాగూ వేస్తున్నారు, గోడ ఎలాగూ కొడుతున్నారు. రెండో వైరుకు అదనంగా అయ్యే ఖర్చు వైరు ధర ఒక్కటే.

16 వైర్లు వచ్చాయి కాబట్టి 16 పోర్టుల పరికరం వెంటనే కొనాల్సిన పని కూడా లేదు. వాడే వాటినే స్విచ్‌కు తగిలించొచ్చు. మిగతావి పేరు రాసి పక్కన పెట్టేయొచ్చు. గోడలో వైరు ముఖ్యం, స్విచ్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.

క్యాట్-5ఈ, క్యాట్-6, క్యాట్-8.. ఏది కొనాలి?

షాపుకు వెళ్తే నంబర్లు చూసి గందరగోళం తప్పదు. పెద్ద నంబర్ అంటే మంచిదని ఎక్కువ డబ్బు పెట్టేస్తుంటారు. అసలు తేడా ఇంతే.

- క్యాట్-5ఈ: 100 మీటర్ల దాకా 1 జీబీపీఎస్ స్పీడ్ మోస్తుంది.
- క్యాట్-6: 100 మీటర్ల దాకా 1 జీబీపీఎస్, మంచి పరిస్థితుల్లో 55 మీటర్ల దాకా 10 జీబీపీఎస్ కూడా మోస్తుంది.
- క్యాట్-6ఏ: 100 మీటర్లూ 10 జీబీపీఎస్ మోస్తుంది. కానీ లావుగా ఉంటుంది, పైపులో వంచడం కష్టం, ధర ఎక్కువ.
- క్యాట్-8: డేటా సెంటర్లలో 30 మీటర్ల లోపు దూరాల కోసం తయారైంది. ఇంటికి అవసరమే లేదు.

పైన చెప్పిన 200 గజాల ఇంట్లో అన్నిటికంటే పొడవైన వైరు కూడా 30 మీటర్లు దాటదు. ఇప్పుడు ఇళ్లకు వస్తున్న ప్లాన్లు ఎక్కువగా 1 జీబీపీఎస్ లోపే. కాబట్టి క్యాట్-6 వేయిస్తే ఇప్పటికీ సరిపోతుంది, రేపు స్పీడ్ పెరిగినా సరిపోతుంది. క్యాట్-6ఏకు పెట్టే అదనపు డబ్బును పైపులకు, రెండో వైరుకు పెట్టడం తెలివైన పని.

రాగి అని చెప్పి అల్యూమినియం.. ఇక్కడే మోసం!

అసలు జాగ్రత్తపడాల్సింది ఇక్కడ. రెండు క్యాట్-6 బాక్సులు పక్కపక్కన ఉంటాయి. ఒకటి బాగా చవక. ఎందుకంత తేడా అని అడిగితే కంపెనీ పేరు వేరు అంటారు. నిజానికి లోపల ఉన్న లోహమే వేరు. చవక వైరులో ఉండేది అల్యూమినియం, పైన రాగి పూత మాత్రమే. దీన్నే సీసీఏ అంటారు. క్యాట్-6 ప్రమాణాల ప్రకారం లోపల తీగ పూర్తిగా రాగిదే ఉండాలి.

సీసీఏ వైరుతో నష్టం ఏంటంటే, రాగి కంటే దీనికి నిరోధం ఎక్కువ. దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ నష్టం పెరుగుతుంది. రెండు మూడుసార్లు వంచితే తీగ పుటుక్కున తెగుతుంది. కెమెరాలకు ఇదే వైరులో కరెంటు కూడా పంపిస్తే వైరు వేడెక్కుతుంది, చివర కెమెరాకు సరిపడా వోల్టేజీ అందదు. రాత్రి పూట కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగగానే కెమెరా రీస్టార్ట్ అవుతుంటే కారణాల్లో ఇదీ ఒకటి కావచ్చు.

గుర్తుపట్టడం తేలికే. వైరు ముక్క ఒకటి తీసుకుని లోపలి తీగను బ్లేడుతో గీకాలి. లోపల కూడా ఎర్రగానే ఉంటే రాగి. తెల్లగా, వెండిలా మెరిస్తే అల్యూమినియం. బరువు కూడా చెప్పేస్తుంది. ఒకే పొడవున్న రెండు బాక్సులు ఎత్తి చూస్తే సీసీఏ బాక్సు బాగా తేలిగ్గా ఉంటుంది. బాక్సు మీద సీసీఏ అని చిన్న అక్షరాల్లో రాసి ఉందేమో చూడాలి. బిల్లు మీద ప్యూర్ కాపర్ అని రాయించుకోవాలి. వైరు మీద మీటర్ల అంకెలు వరుసగా ప్రింట్ అయి ఉంటాయి. మొదలు, చివర అంకెలు చూస్తే నిజంగా 305 మీటర్లు ఉందో లేదో కూడా తేలిపోతుంది.

కరెంటు వైర్లతో ఒకే పైపులో వద్దు

నెట్ వైరును, 230 వోల్టుల కరెంటు వైరును ఒకే పైపులో లాగడం చాలా ఇళ్లలో జరుగుతున్న పొరపాటు. పైపులు, కూలీ మిగులుతాయని కొందరు ఇలా చేసేస్తారు. ఇందులో మొదటి సమస్య ప్రాణ భద్రతకు సంబంధించింది. కరెంటు వైరు మీద తొడుగు ఎక్కడైనా గీసుకుపోతే ఆ కరెంటు నెట్ వైరులోకి వస్తుంది. అక్కడి నుంచి మీ చేతిలోని ల్యాప్‌టాప్ దాకా రావచ్చు. రెండో సమస్య సిగ్నల్‌కు అంతరాయం.

అందుకే నెట్‌కు విడి పైపు, విడి గ్యాంగ్ బాక్సు ఉండాలి. రెండు పైపులూ పక్కపక్కనే చాలా దూరం వెళ్లాల్సి వస్తే మధ్యలో అడుగు దూరం ఉంచడం మంచిది. ఒకదాన్ని ఒకటి దాటాల్సి వస్తే అడ్డంగా, ప్లస్ గుర్తులా దాటించాలి.

పైపు సైజులో పిసినారితనం పనికిరాదు. 20 ఎంఎం పైపులో రెండు క్యాట్-6 వైర్లు, 25 ఎంఎంలో నాలుగు హాయిగా పోతాయి. అంతకు మించి కుక్కితే లాగేటప్పుడు వైరు సాగిపోతుంది. నెట్ వైరును కరెంటు వైరులా బలం కొద్దీ లాగకూడదు. 11 కిలోల బరువుకు మించిన లాగుడు పడితే లోపల మెలికలు చెదిరిపోతాయి. వైరును గట్టిగా మడవకూడదు. దాని లావుకు నాలుగు రెట్లు, అంటే దాదాపు ఒక అంగుళం వ్యాసార్ధం ఉండేలా వంపు తిప్పాలి.

పైపు ఉండటం వల్ల అసలు లాభం తర్వాత తెలుస్తుంది. పదిహేనేళ్ల తర్వాత ఈ వైరు పాతబడిపోయి, ఫైబరో ఇంకేదో వేయాల్సి వస్తే పాత వైరుకు కొత్తది కట్టి లాగేయొచ్చు. పైపు లేకుండా వైరును నేరుగా సిమెంటులో పూడ్చేస్తే ఇక దాన్ని మార్చడం అంటే గోడ పగలగొట్టడమే.

కెమెరాలకు కరెంటు కూడా ఈ వైరులోనే

కెమెరా పెట్టాలంటే దాని పక్కన ప్లగ్ పాయింట్ కావాలని చాలామంది అనుకుంటారు. ఐపీ కెమెరాలకు అది అక్కర్లేదు. పీఓఈ అనే పద్ధతిలో నెట్ వైరులోనే కరెంటు కూడా వెళ్తుంది. సాధారణ పీఓఈ ఒక్కో పోర్టుకు 15.4 వాట్లు, పీఓఈ ప్లస్ 30 వాట్లు ఇస్తుంది. ఇంట్లో వాడే మామూలు కెమెరాకు మొదటిదే చాలు. సీలింగ్‌లో పెట్టే వైఫై యాక్సెస్ పాయింట్లు కూడా ఇలాగే నడుస్తాయి. బాక్సు దగ్గర పీఓఈ స్విచ్ ఒక్కదానికి ఇన్వర్టర్ లైన్ ఉంటే కరెంటు పోయినా కెమెరాలు, వైఫై అన్నీ పనిచేస్తూనే ఉంటాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కెమెరాల కోసం అమ్మే చవక పీఓఈ స్విచ్‌లలో చాలావాటికి 100 ఎంబీపీఎస్ పోర్టులే ఉంటాయి. కెమెరాకు అది సరిపోతుంది. కానీ అదే పోర్టుకు వైఫై యాక్సెస్ పాయింట్ తగిలిస్తే, 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా ఫోన్‌కు 100 దాటి రాదు. కొనేటప్పుడు గిగాబిట్ పోర్టులా అని అడిగి తీసుకోవాలి. ప్రమాణాల ప్రకారం పనిచేసే పీఓఈ స్విచ్ అవతల ఉన్న పరికరాన్ని అడిగి తెలుసుకున్నాకే కరెంటు పంపుతుంది. అలా అడగకుండా నేరుగా కరెంటు వదిలే చవక ఇంజెక్టర్లతో పరికరాలు కాలిపోయే ప్రమాదం ఉంది.

బయట తిరిగే వైరు ఎండకు, వానకు పాడవుతుంది. ఇంట్లో వాడే వైరు పైతొడుగు ఎండలో కొన్నేళ్లకే బీటలు వారుతుంది. అక్కడ పైపులోంచి తేవాలి, లేదంటే ఎండను తట్టుకునే అవుట్‌డోర్ వైరు వాడాలి. పిడుగుల సంగతి కూడా మరిచిపోకూడదు. అదే ఆవరణలో విడిగా కట్టిన అవుట్‌హౌస్‌కో, పక్క ఇంటికో నెట్ ఇవ్వాలంటే రాగి వైరు బదులు ఫైబర్ వేయడం మంచిది. గాజులో కరెంటు ప్రవహించదు కాబట్టి ఒక చోట పడిన పిడుగు ప్రభావం ఆ వైరు ద్వారా రెండో చోటికి పాకదు.

లైటు వెలిగితే అయిపోయినట్టు కాదు!

పని అయ్యాక ఎలక్ట్రీషియన్ ల్యాప్‌టాప్ తగిలించి, నెట్ వస్తోంది చూడండి అంటాడు. అక్కడితో సంతకం పెట్టేయొద్దు. నెట్ వైరులో నాలుగు జతలు, మొత్తం ఎనిమిది తీగలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు. 1 జీబీపీఎస్‌కు నాలుగు జతలూ కావాలి. ఒక్క తీగ సరిగ్గా బిగియకపోయినా పోర్టు నిశ్శబ్దంగా 100 ఎంబీపీఎస్‌కు దిగిపోవచ్చు. లైటు వెలుగుతుంది, యూట్యూబ్ ఆడుతుంది, లోపం ఉందని ఎవరికీ తెలియదు.

అందుకే ప్రతి పాయింట్‌నూ రెండు రకాలుగా చూసుకోవాలి. కేబుల్ టెస్టర్ పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు రెండు వైపులా అదే వరుసలో వెలగాలి. తర్వాత గిగాబిట్ పోర్టు ఉన్న ల్యాప్‌టాప్ తగిలించి, నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ చూడాలి. గిగాబిట్ స్విచ్‌కు కలిపినప్పుడు అక్కడ 1000 ఎంబీపీఎస్ లేదా 1 జీబీపీఎస్ అని ఉండాలి. 100 అని ఉంటే ఆ చివర మళ్లీ బిగించాల్సిందే.

తీగలు బిగించే రంగుల వరుస ఇంట్లో అన్ని చోట్లా ఒకటే ఉండాలి. ఎక్కువగా వాడే బీ పద్ధతి వరుస ఇదీ: తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-గ్రీన్, బ్లూ, తెలుపు-బ్లూ, గ్రీన్, తెలుపు-బ్రౌన్, బ్రౌన్. జతల మెలికలను అర అంగుళం కంటే ఎక్కువ విప్పకూడదు. బయటి గోల లోపలికి రాకుండా కాపాడేవి ఆ మెలికలే. గోడలోని వైరు చివర నేరుగా ప్లగ్ కొట్టి వేలాడదీయడం కంటే గోడకు సాకెట్ పెట్టించి, అక్కడి నుంచి చిన్న ప్యాచ్ కార్డు వాడుకోవడం మేలు. రోజూ పీకి పెట్టినా గోడలో వైరు కదలదు.

ఏ పని ఎప్పుడు చేయించాలి?

- స్లాబ్ పోసే ముందు: సీలింగ్ యాక్సెస్ పాయింట్లకు, పై అంతస్తుకు వెళ్లే పైపులు సెంట్రింగ్ మీద కడ్డీల మధ్య పరిచేయాలి. కాంక్రీట్ పడ్డాక ఇది కుదరదు.
- గోడలు కట్టాక, ప్లాస్టరింగ్‌కు ముందు: గోడలకు గాళ్లు కొట్టి పైపులు, గ్యాంగ్ బాక్సులు పెట్టించాలి. బాక్సుల్లోకి సిమెంటు పోకుండా పేపరు కుక్కించాలి.
- ప్లాస్టరింగ్ అయ్యాక: వైర్లు లాగించాలి. ప్రతి వైరుకూ రెండు చివర్లా ఒకే నంబర్ రాయాలి.
- లప్పం, మొదటి కోటు రంగు అయ్యాక: సాకెట్లు బిగించి, టెస్ట్ చేయించి, ఆ తర్వాతే చివరి కోటు వేయించాలి.

ఇప్పటికే కట్టేసిన ఇల్లు, అద్దె ఇల్లు అయితే?

గోడలు పగలగొట్టక్కర్లేదు. ముందు పాత ల్యాండ్‌లైన్, కేబుల్ టీవీ పైపులు చూడాలి. చాలా ఇళ్లలో అవి ఖాళీగా పడి ఉన్నాయి. పాత వైరు అటూ ఇటూ కదులుతుంటే దానికి కొత్త క్యాట్-6 కట్టి మెల్లగా లాగేయొచ్చు. కదలకపోతే బలవంతం చేయొద్దు.

పైపులే లేకపోతే గోడ మూలన, స్కర్టింగ్ వెంట కేసింగ్ క్యాపింగ్ పట్టీ వేసి అందులో వైరు తీసుకెళ్లొచ్చు. అద్దె ఇంట్లో కూడా ఓనర్‌కు చెప్పి దీన్ని చేయించుకోవచ్చు, ఖాళీ చేసేటప్పుడు తీసేయొచ్చు. ఇల్లంతా చేయించలేకపోతే ఒక్క వైరు చాలు. రూటర్ నుంచి సిగ్నల్ అందని అంతస్తు దాకా ఒకటే వైరు తీసుకెళ్లి, అక్కడ రెండో వైఫై బాక్సు పెడితే సమస్య చాలావరకు తీరిపోతుంది. కరెంటు వైరింగ్ మీదే నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు కూడా దొరుకుతాయి. కానీ ఇంట్లో త్రీ ఫేజ్ కనెక్షన్ ఉండి, రెండు ప్లగ్‌లు వేర్వేరు ఫేజ్‌ల మీద ఉంటే వాటి పనితీరు పడిపోతుంది. తిరిగి ఇచ్చేయడానికి వీలుంటేనే కొనడం మంచిది.

చివరగా ఫోన్ తీయండి!

ఇల్లు కడుతున్న వాళ్లు ఈ ఒక్క పని మాత్రం మరిచిపోవద్దు. ప్లాస్టరింగ్ మొదలయ్యే ముందు రోజు ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరగాలి. ప్రతి గోడనూ, ప్రతి పైపునూ, పక్కన టేపు పెట్టి కొలత కనిపించేలా వీడియో తీయాలి. ఏ గదిలో ఏ గోడ అన్నది తీస్తూ మాటల్లో చెప్పాలి. ఆ వీడియోను ఇంట్లో ఇద్దరి ఫోన్లలో దాచుకోవాలి. రేపు టీవీ స్టాండ్ కోసమో, ఫొటో ఫ్రేమ్ కోసమో గోడకు డ్రిల్ పెట్టేటప్పుడు పైపు ఎక్కడుందో అందులో చూసుకోవచ్చు. అప్పటికి మేస్త్రి వేరే ఊళ్లో పనిలో ఉంటాడు, ఎలక్ట్రీషియన్‌కు ఈ ఇల్లు గుర్తుండదు. గోడ లోపల ఏముందో చెప్పడానికి ఆ వీడియో ఒక్కటే మిగులుతుంది.